సొరుగులోంచి వచ్చిన ఋణానుబంధం

జపాన్‌లో మూడో తరగతి పిల్లల కోసం వెలువడే ఒక మాసపత్రిక 1974 మార్చి సంచికలో కొద్ది పుటల బొమ్మల కథ ఒకటి అచ్చయింది. కథ చివర తెల్లవారుతుంది. రాత్రి ఒళ్లంతా దెబ్బలతో ఇల్లు చేరి నిద్రపోయిన పిల్లవాడు కళ్లు తెరిచేసరికి, పక్కనే కూర్చుని కాపలా కాసిన నేస్తం కనిపించడు. అతడు తన కాలానికి వెళ్లిపోయాడు. రోజూ ఇద్దరూ కలిసి తిరిగిన గది బోసిపోయి ఉంటుంది. పిల్లవాడు గోల చేయడు. ఈ వెలితి కొన్నాళ్లకు అలవాటవుతుందని, తన గురించి దిగులు పెట్టుకోవద్దని, వెళ్లిపోయినవాడికి అక్కడినుంచే చెప్పుకుంటాడు.

ఆ పిల్లవాడు నోబిత. వెళ్లిపోయినవాడు భవిష్యత్తు నుంచి వచ్చిన రోబో పిల్లి, డోరేమాన్. 2005 నుంచి హంగామా టీవీ పుణ్యమా అని భారతదేశంలో ఈ ఇద్దరి పేర్లు తెలియని పిల్లలు అరుదు. తెలుగు ఇళ్లలో అన్నం తినడానికి మారాం చేసే పిల్లల ముందు ఈ నీలిరంగు పిల్లి బొమ్మను పెట్టిన తల్లులు లెక్కలేనంతమంది. అయితే టీవీలో చూసేవారికి ఎక్కువగా గుర్తుండేది డోరేమాన్ పొట్టమీద ఉన్న జేబు, అందులోంచి పుట్టుకొచ్చే వింత పరికరాలు. నెత్తిన పెట్టుకుంటే గాలిలో ఎగిరించే చిన్న రెక్క, తెరిస్తే ఎక్కడికైనా చేర్చే తలుపు. వీటన్నిటి వెనుక, కథ మొత్తాన్ని మోస్తున్న పరికరం మరొకటి ఉంది. అది జేబులో ఇమడదు. నోబిత చదువుకునే బల్ల సొరుగులో ఉంటుంది. దాని పేరు టైమ్ మెషీన్. మిగిలిన పరికరాలు నోబితకు ఆ పూట గడిపేందుకు పనికొస్తాయి. టైమ్ మెషీన్ మాత్రం ఈ స్నేహాన్ని పుట్టించింది, ఈ స్నేహానికి గడువు కూడా పెట్టింది.

ఈ సంగతిని పట్టుకోవడానికి తెలుగులో చేతికందే మాట ఒకటుంది: ఋణానుబంధం. ‘ఋణానుబంధ రూపేణ పశుపత్నీ సుతాలయాః’ అని పెద్దలు నిట్టూరుస్తూ అనే మాట చాలామంది వినే ఉంటారు. భార్యాబిడ్డలు, పశువులు, ఇల్లు, ఇవన్నీ ఎప్పటిదో ఒక బాకీ కొద్దీ వచ్చి చేరతాయి. బాకీ తీరిన రోజున ఎవరి దారి వారిది. ఆ శ్లోకానికీ ఈ జపాన్ బొమ్మల కథకూ ఏ సంబంధమూ లేదు. అయినా డోరేమాన్ నోబిత ఇంటికి రావడానికి కారణం అక్షరాలా ఒక అప్పు. ఆ అప్పు చెరిగిపోతే అతడు ఎందుకు ఉండాలన్నదే ఈ కథ పదే పదే ఎదుర్కొన్న ప్రశ్న.

కథ మొదలైన తీరు చూస్తే ఇది తేటపడుతుంది. ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన హిరోషి ఫుజిమోటో 1933లో జపాన్‌లోని తొయామా ప్రాంతంలో, తకాఒకా పట్టణంలో పుట్టాడు. చిన్ననాటి స్నేహితుడు మోటో అబికోతో కలిసి చాలాకాలం ‘ఫుజికో ఫుజియో’ అనే ఒకే పేరుతో పని చేశాడు. డోరేమాన్ మాత్రం ఫుజిమోటో చేతి సృష్టి. 1970 జనవరి సంచికలతో, షోగాకుకాన్ సంస్థ పిల్లల కోసం వెలువరించే ఆరు పత్రికల్లో ఒకేసారి ఇది మొదలైంది.

ఆ మొదటి కథలో కొత్త సంవత్సరం పండుగ నాడు నోబిత గదిలో ఒంటరిగా ఉంటాడు. సొరుగు తెరుచుకుని ముందు ఒక రోబో పిల్లి, తర్వాత తన ఈడు పిల్లవాడు పైకి వస్తారు. ఆ పిల్లవాడు నోబితను ‘తాతయ్యా’ అని పిలుస్తాడు. అతడి పేరు సెవాషి, నోబితకు మనవడి మనవడు. వెంట ఒక ఫోటోల ఆల్బమ్ తెస్తాడు. నోబిత ఇంకా బతకని రోజుల బొమ్మలు అందులో ఉంటాయి. చదువులో తప్పడం, ఎక్కడా ఉద్యోగం దొరక్క సొంతంగా ఒక కంపెనీ పెట్టడం, ఆ కంపెనీ కాలి బూడిదవడం, చివరికి దివాలా తీసి అప్పులవాళ్లు ఇంటి మీదికి రావడం. ఆ అప్పు ఎంత పెద్దదంటే నూరేళ్లకైనా తీరలేదు. పండుగకు పెద్దలు పిల్లల చేతిలో డబ్బు పెట్టడం జపాన్‌లో ఆనవాయితీ. సెవాషి చేతికి వచ్చింది 50 యెన్లు. ఇంటి దరిద్రాన్ని చెప్పడానికి ఫుజిమోటో ఎంచుకున్న కొలమానం అదే. ఒక్క అంకెతో, చదివే పిల్లవాడి గుండెకు తగిలేలా చెప్పాడు.

డోరేమాన్‌ను తీసుకొచ్చింది ఈ అప్పు మూలాన్ని నరకడానికి. ఆ పిల్లి కూడా గొప్ప రోబో ఏమీ కాదు. అయినా నోబిత కంటే నయమని సెవాషి తేల్చేస్తాడు. ఎలుకంటే భయపడే పిల్లి, లెక్కంటే భయపడే పిల్లవాడు. ఇద్దరిలోనూ లోపాలున్నాయి కనకే ఒకరినొకరు తక్కువగా చూసుకునే అవకాశం ఉండదు.

ఈ స్నేహంలోని వయసుల లెక్క కూడా గమనించదగింది. నోబిత పుట్టినరోజు 1964 ఆగస్టు 7. డోరేమాన్ తయారైన రోజు 2112 సెప్టెంబరు 3. అన్నలా మందలించేవాడు, అమ్మలా సర్దిపెట్టేవాడు, తమ్ముడిలా పేచీ పడేవాడు అయిన డోరేమాన్, నిజానికి నోబిత కంటే 148 ఏళ్లు చిన్నవాడు. మామూలుగా బతికితే వీరిద్దరూ కలుసుకోవడం అసంభవం. ఒకరి కాలం ముగిశాక గానీ ఇంకొకరి కాలం మొదలు కాదు. అందుకే నోబిత గదిలో వీరు పక్కపక్కన కూర్చున్న ప్రతి క్షణమూ ప్రకృతి దగ్గర తెచ్చుకున్న చేబదులు లాంటిది. డోరేమాన్ ఎత్తు 129.3 సెంటీమీటర్లు. బరువు 129.3 కిలోలు. అప్పటి జపాన్‌లో నాలుగో తరగతి పిల్లల సగటు ఎత్తు నుంచి తీసుకున్న అంకె ఇది. పిల్లవాడు తలెత్తి చూడాల్సిన అవసరం లేకుండా, తల వంచి చూడాల్సిన అవసరమూ లేకుండా, ఎదురుగా నిలబడితే కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడగలిగే నేస్తం కావాలని గీసిన కొలత.

కాల ప్రయాణం కథల్లో ఎప్పుడూ ఒక చిక్కు ఉంటుంది. గతాన్ని మారిస్తే, మార్చడానికి వచ్చినవాడే పుట్టకుండా పోతాడు కదా? నోబిత పెళ్లాడవలసింది, అతడిని రోజూ కొట్టి ఏడిపించే జియాన్ చెల్లెలు జైకోను. డోరేమాన్ వచ్చాక ఆ పెళ్లి, నోబిత ఇష్టపడే నేస్తురాలు షిజుకాతో జరుగుతుంది. మరి సెవాషి సంగతేమిటి? ఈ ప్రశ్న నోబితే మొదటి రోజున అడుగుతాడు. సెవాషి చెప్పే సమాధానం టోక్యో నుంచి ఒసాకాకు ప్రయాణం. రైల్లో వెళ్లినా, విమానంలో వెళ్లినా, దిక్కు సరైనదైతే చేరేది ఒసాకాకే. శాస్త్రం ముందు ఈ సమాధానం నిలవదు. తాతమ్మ మారితే మనవడి మనవడు అదే మనిషిగా ఎలా పుడతాడు? అయినా ఫుజిమోటో దీన్ని నిబ్బరంగా దాటేశాడు. ఎందుకంటే అతడికి కావలసింది చివరి ఊరు కాదు, దారి. దారిలో తోడెవరన్నదే అతడి కథ.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు. తొలి కథలో జైకోను ఒక శిక్షలా చూపించడం న్యాయం కాదు. లావుగా ఉన్న చిన్నపిల్ల ముఖాన్ని చూపించి, ఇదే నీ దౌర్భాగ్యం అనడం ఈనాడు చదివితే మనసుకు ముల్లులా గుచ్చుకుంటుంది. తర్వాతి ఏళ్లలో ఆ బాకీని కొంత తీర్చినట్టు కనిపిస్తుంది. జైకో బొమ్మల కథలు గీసే కళాకారిణిగా, క్రిస్టీన్ గోడా అనే కలం పేరుతో, తనదైన పట్టుదల ఉన్న పిల్లగా ఎదిగింది. నోబిత భవిష్యత్తు మారడం వల్ల బాగుపడినవారిలో ఆమె కూడా ఉందని చదువుకోవచ్చు.

స్నేహానికి కాలం పెట్టే పరీక్షల్లో అన్నీ కన్నీళ్లవి కావు. ఒక కథలో నోబిత కుప్పలా పేరుకుపోయిన హోంవర్క్‌ను డోరేమాన్ నెత్తిన వేస్తాడు. ఒక్కడి వల్ల కాదని డోరేమాన్ టైమ్ మెషీన్ ఎక్కి రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గంటల తర్వాతి తనను తానే వెంటబెట్టుకొస్తాడు. గదినిండా డోరేమాన్‌లే. ఆలస్యంగా వచ్చిన వాడల్లా ముందువాడికంటే అలసిపోయి, ఒంటినిండా గాయాలతో, కోపంతో ఊగిపోతూ ఉంటాడు. ఎలాగో పని ముగించి నడుం వాలుద్దామనుకునేలోగా, రెండు గంటల కిందటి తానే వచ్చి లాక్కుపోతాడు. అదే హోంవర్క్‌ను మళ్లీ మళ్లీ రాయాలి. నవ్వు తెప్పించే కథే గానీ లోపల ఒక నిజం ఉంది. రేపటి నుంచి అరువు తెచ్చుకున్న సాయాన్ని రేపు నిద్ర మానుకుని తీర్చవలసిందే. నోబిత హాయిగా పడుకుంటాడు. తీర్చేది నేస్తం. ఎంత కోపం వచ్చినా డోరేమాన్ ఆ పని వదిలి పోడు.

కాలం ఏం చేయగలదో, ఏం చేయలేదో చెప్పే కథ ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు నానమ్మ కుట్టి బాగుచేసిన ఎలుగుబంటి బొమ్మ నోబితకు దొరుకుతుంది. నానమ్మ అతడు బడికి వెళ్లే వయసు రాకముందే చనిపోయింది. ఆమెను ఒక్కసారి చూడాలని నోబిత పట్టుపడతాడు. డోరేమాన్ మొదట ఒప్పుకోడు. ఉన్నట్టుండి పెద్దవాడైన మనవడిని చూస్తే ఆ ముసలామె బెదిరిపోతుందని అతడి భయం. కానీ ఆమె ముందుకు వెళ్లి నేనే నోబితను అని చెప్పగానే ఆ తల్లి నమ్మేస్తుంది. రుజువు అడగదు. మనవడు బడి సంచి తగిలించుకుని నిలబడితే చూడాలన్న కోరిక తీరాక, అతడి పెళ్లికూతురిని కూడా చూడాలని ఆశపడుతుంది. నోబిత తిరిగొచ్చి షిజుకాను పెళ్లి చేసుకోమని అడుగుతాడు. అంతటితో కథ అయిపోతుంది. ఆమె చావును ఆపే ప్రయత్నం అందులో లేదు. 22వ శతాబ్దపు జేబు పక్కనే ఉన్నా, ఆమె కోసం మందు వెతకాలన్న ఆలోచన కూడా రాదు. ఫుజిమోటో ప్రపంచంలో గతం చుట్టపుచూపుగా వెళ్లి రాగలిగిన ఊరు. అక్కడే స్థిరపడటానికి వీల్లేదు. ఆ నియమం నానమ్మకు వర్తించినప్పుడు డోరేమాన్‌కు మాత్రం ఎందుకు వర్తించదు? అతడికి నోబిత ఉన్న కాలం గతమే కదా. అతడూ చుట్టపుచూపుగా వచ్చినవాడే.

అందుకే వీడ్కోలు తప్పలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ మూడూ మార్చి సంచికల్లోనే రావడం వెనుక కారణముంది. జపాన్‌లో బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. షోగాకుకాన్ పత్రికలు తరగతికి ఒకటి చొప్పున ఉండేవి. తరగతి మారిన పిల్లవాడు పత్రిక కూడా మారుస్తాడు. 1970ల తొలి ఏళ్లలో డోరేమాన్ వచ్చే పత్రికల్లో నాలుగో తరగతిదే చివరిది. మొదటి రెండు వీడ్కోళ్లూ వచ్చింది ఆ పత్రికలోనే. దాని మార్చి సంచికతో చదువరికీ డోరేమాన్‌కూ సంబంధం తెగిపోతుంది. అంటే విడిపోయేది నోబిత మాత్రమే కాదు. పుస్తకం పట్టుకున్న పదేళ్ల పిల్లలందరూ అదే నెలలో విడిపోతారు. ఈ వీడ్కోళ్లను విడి కథలుగా చదివితే ఆ బరువు సగమే తెలుస్తుంది.

1971 మార్చిలో వచ్చిన మొదటి వీడ్కోలుకు కారణం బయటిది. భవిష్యత్తు నుంచి వచ్చే యాత్రికుల ఆగడాలు మితిమీరడంతో కాల ప్రయాణాన్నే నిషేధిస్తూ చట్టం వస్తుంది. డోరేమాన్ వెళ్లక తప్పదు. తప్పు ఎవరిదో, శిక్ష వీరికి. ఇందులో బాధ ఉంది గానీ పరీక్ష లేదు. ప్రభుత్వం విడదీసిన ఇద్దరు స్నేహితుల కథ ఇది.

1972 మార్చి కథ లోపలికి తిరుగుతుంది. నోబిత ప్రతి చిన్నదానికీ డోరేమాన్ మీద వాలిపోతున్నాడని, ఇలాగైతే ఎన్నటికీ తన కాళ్ల మీద నిలబడలేడని సెవాషి గుర్తుచేస్తాడు. డోరేమాన్ తాను పాడైపోయానని అబద్ధమాడి వెళ్లిపోవడానికి సిద్ధపడతాడు. నోబిత ఒంటరిగా సైకిల్ నేర్చుకుంటూ పడుతూ లేస్తూ ఉంటే, అవతలి శతాబ్దంలో కూర్చుని డోరేమాన్ ఒక తెర మీద అతడిని చూస్తుంటాడు. సాయం చేయడమే పనిగా పుట్టిన యంత్రం, సాయం చేయకుండా చేతులు కట్టుకుని చూడవలసిన స్థితి అది. సైకిల్ వెనక పట్టుకుని పరుగెత్తుతూ, చెప్పకుండా చేయి వదిలేసిన తండ్రులకు ఈ దృశ్యం వేరే వివరించనక్కర్లేదు.

మూడోది 1974ది, ఈ వ్యాసం మొదట్లో చెప్పింది. ఇందులో డోరేమాన్ ఎందుకు వెళ్లాలో కథ చెప్పదు. వెళ్లాలి, అంతే. చట్టం లేదు, కుట్ర లేదు, పాఠం నేర్పాలన్న పథకం లేదు. చావుకూ బదిలీకీ పెళ్లై వెళ్లిపోయే అక్కకూ చిన్నపిల్లల లోకంలో ఇంతకంటే కారణం ఉండదు. పెద్దలు చెప్పే కారణాలు వారికి అర్థం కావు, వెళ్లిపోవడం ఒక్కటే అర్థమవుతుంది. ఆ మౌనమే ఈ కథను మొదటి రెండిటికంటే ఎంతో ఎత్తున నిలబెట్టింది.

చివరి రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టదు. నడుద్దామని బయటికి వస్తారు. కన్నీళ్లు కనిపించకుండా డోరేమాన్ కాసేపు పక్కకు తప్పుకుంటాడు. ఆ సమయంలో, నిద్రమత్తులో వీధుల్లో తిరుగుతున్న జియాన్ నోబిత కంటబడతాడు. తన గుట్టు బయటపడిందన్న ఉక్రోషంతో జియాన్ నోబిత మీద పడతాడు. నోబిత నోటికి అలవాటైన కేక ఒకటే: డోరేమాన్! ఆ కేక గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఇది మన ఇద్దరి తగవు, డోరేమాన్‌ను లాగొద్దన్నట్టు జియాన్‌కు ఎదురు నిలుస్తాడు. దెబ్బ మీద దెబ్బ తింటాడు. పడతాడు. పాకుతూ వెళ్లి మళ్లీ కాళ్లు పట్టుకుంటాడు. తన బలంతో తాను గెలవకపోతే డోరేమాన్ నిశ్చింతగా వెళ్లలేడన్నది ఒక్కటే అతడి బుర్రలో ఉంటుంది. చివరికి విసిగిపోయి, జియాన్ ఓడిపోయానని ఒప్పుకుని వెళ్లిపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన డోరేమాన్ ముఖం వాచిన నోబితను భుజానికెత్తుకుని ఇంటికి నడుస్తాడు.

ఈ పోట్లాటను ధైర్యం నేర్చుకున్న పిల్లవాడి కథగా చదవడం పరిపాటి. అది సరిపోదు. నోబిత తన కోసం ధైర్యం తెచ్చుకోలేదు. రేపు జియాన్ మళ్లీ కొడతాడని అతడికి తెలుసు. ఈ గెలుపు పనికొచ్చేది ఒక్క రాత్రికే, ఒక్క మనిషికే. ఇన్నాళ్లూ నేస్తం తన కోసం మోసిన బరువును తిరిగి నేస్తం కోసం మోయడం అది. ఋణం గురించి చెప్పుకున్నాం కదా. నోబిత ఆ రాత్రి తీర్చింది కంపెనీ అప్పు కాదు, దానికి ఇంకా చాలా ఏళ్లుంది. డోరేమాన్‌కు తాను పడిన బాకీ. పారిపోతే ఆగిపోయే పరీక్ష అది. పిలిస్తే డోరేమాన్ వస్తాడు, బహుశా వెళ్లడం కూడా మానుకుంటాడు. పిలవకుండా ఉండటమే నోబిత ఇచ్చిన కానుక.

2014లో తకాషి యమజాకి, ర్యూఇచి యాగి దర్శకత్వంలో వచ్చిన ‘స్టాండ్ బై మీ డోరేమాన్’ అనే త్రీడీ సినిమా ఈ పాత కథలను ఒక్క దండగా గుచ్చింది. అందులో కొత్తగా ఒక ఏర్పాటు చేర్చారు. సెవాషి డోరేమాన్‌లో ఒక ప్రోగ్రామ్ అమర్చుతాడు. నోబితను సుఖపెట్టేదాకా అతడు తిరిగి వెళ్లలేడు. వెళ్లాలనే మాట ఎత్తితే కరెంటు షాక్ తగులుతుంది. నోబిత సుఖపడిన క్షణం నుంచి 48 గంటల్లో వెళ్లిపోవాలి. కథ చట్రం దీనివల్ల గట్టిపడిన మాట నిజమే. పని ముగిస్తే వియోగం తప్పదన్న తర్కాన్ని సినిమా పైకి చెప్పేసింది. అయితే చెప్పడంలోనే కొంత పోయింది. డోరేమాన్ ఉన్నది ఆజ్ఞ వల్ల, వెళ్లింది ఆజ్ఞ వల్ల అయితే అతడి ప్రేమకు చోటెక్కడ? 1974 నాటి కాగితం మీద అతడు పక్కకు తప్పుకుని కన్నీళ్లు దాచుకున్న ఒక్క సంగతి, ఈ ప్రోగ్రామ్ మొత్తం కంటే ఎక్కువ చెబుతుంది.

అదే సినిమాలో ఒక దృశ్యం మాత్రం మూల కథల స్థాయికి చేరింది. పెద్దవాడైన నోబితను చూడటానికి చిన్న నోబిత భవిష్యత్తులోకి వెళతాడు. డోరేమాన్ కూడా వచ్చాడు, కలుస్తావా అంటే పెద్ద నోబిత వద్దంటాడు. అతడు తన చిన్నప్పటి నేస్తమని, నీ కాలానికి చెందినవాడని నెమ్మదిగా చెబుతాడు. కలవాలని లేక కాదని చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. టైమ్ మెషీన్ ఎదురుగా ఉంది, నాలుగడుగులు వేస్తే చాలు. అయినా వేయడు. 1974లో పిలుపును గొంతులో ఆపుకున్న పిల్లవాడు పెద్దవాడై మళ్లీ అదే పని చేశాడు.

పెద్ద నోబిత ఎలాంటివాడయ్యాడన్న ప్రశ్నకు ఫుజిమోటో 1981లో గీసిన పెళ్లి ముందు రాత్రి కథలో సమాధానం ఉంది. పుట్టిల్లు వదిలి వెళ్లడానికి బెంగపడే షిజుకాకు ఆమె తండ్రి ధైర్యం చెబుతాడు. నోబితను ఎంచుకోవడం సరైన పనే, ఎందుకంటే అతడు ఎదుటివాడి సుఖాన్ని కోరుకోగలడు, ఎదుటివాడి కష్టానికి దుఃఖించగలడు అన్నది ఆయన మాటల సారం. ఏ జేబులోంచీ ఈ గుణం రాలేదు. మార్కులు పెరగలేదు, పరుగు పందెంలో గెలవలేదు. భవిష్యత్తును మార్చడానికి వచ్చిన రోబో నోబిత చేతికి ఇచ్చినవన్నీ దాదాపుగా బెడిసికొట్టినవే. ఇచ్చినవి కావు, పక్కన ఉండటమే పని చేసింది.

ఈ ఇద్దరి కథకు ముగింపు ఎక్కడన్న తపన పాఠకుల్లో ఎంత బలంగా ఉండేదో జపాన్‌లో పుట్టిన కట్టుకథలే సాక్ష్యం. నోబిత ఆస్పత్రి మంచం మీద స్పృహ లేకుండా ఉన్నాడని, ఇదంతా అతడి కల అని ఒక పుకారు చాలాకాలం తిరిగింది. డోరేమాన్ బ్యాటరీ అయిపోతుంది, మారిస్తే జ్ఞాపకాలు చెరిగిపోతాయి, అందుకని నోబిత పగలూ రాత్రీ చదివి రోబోల శాస్త్రవేత్తయి ఏళ్ల తర్వాత తానే అతడిని మేల్కొలుపుతాడు అని మరొక కథ అభిమానుల నుంచి పుట్టింది. 2005లో అది పుస్తకంగా కూడా అచ్చయి విపరీతంగా అమ్ముడుపోతే, షోగాకుకాన్ అభ్యంతరం చెప్పి ఆపించింది. హక్కుల తగవు మాట అలా ఉంచితే, ఈ కల్పన ఎంత ఆశగా పుట్టిందో గమనించాలి. నేస్తాన్ని తయారుచేసినవాడు నోబితే అయితే బాకీలన్నీ చుట్టూ తిరిగి సమమవుతాయి. కానీ ఇది నోబితను గొప్పవాడిని చేసి గెలిపిస్తుంది. ఫుజిమోటో నోబిత గొప్పవాడు కాకుండానే గెలిచాడు.

అసలు ముగింపు ఎన్నడూ రాలేదు. ఫుజిమోటో 1996 సెప్టెంబరు 23న, ఇంకా ఒక పెద్ద డోరేమాన్ కథ మీద పని చేస్తుండగానే కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడు, బొమ్మల కథలకిచ్చే తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం తొలిసారి డోరేమాన్‌కు దక్కింది. 45 సంపుటాలుగా వచ్చిన ప్రధాన సంకలనంలో మొదటి రెండు వీడ్కోళ్లకు చోటు లేదు. 1974 నాటిది మాత్రం ఆరో సంపుటం చివరి కథగా ఉంది. ఏడో సంపుటం తెరిస్తే మొదటి కథ డోరేమాన్ తిరిగి రావడం. ఆ ఏడు మార్చి వీడ్కోలుతో ఈ బొమ్మల కథను ముగించే ఆలోచనలో ఉన్న ఫుజిమోటో, తన పాత్రను మనసులోంచి తీసేయలేక మరుసటి నెలలోనే తిరిగి తెచ్చాడు. మూడో తరగతి పత్రికలో నేస్తాన్ని పోగొట్టుకున్న పిల్లలు, నాలుగో తరగతిలోకి అడుగుపెట్టి కొత్త పత్రిక ఏప్రిల్ సంచిక తెరిచేసరికి ఆ కథ ఎదురుచూస్తూ ఉంది.

ఏప్రిల్ అంటే ఒకటో తారీఖు అబద్ధాల రోజు. డోరేమాన్ తిరిగొచ్చాడని జియాన్, అతడి జతగాడు సునియో నోబితను ఆటపట్టిస్తారు. నమ్మి పరుగెత్తిన నోబిత మోసపోయాడని తెలిసి కుమిలిపోతాడు. తట్టుకోలేని సమయంలో తెరవమని డోరేమాన్ వెళ్తూ వదిలిన పెట్టె గుర్తొస్తుంది. అందులో ఒక మందు సీసా ఉంటుంది. దాని పేరు ‘అబద్ధాలు 800’. జపాన్ భాషలో ఎనిమిది వందల అబద్ధాలంటే లెక్కలేనన్ని అబద్ధాలని. అది తాగినవాడు ఏది అంటే దానికి వ్యతిరేకం జరుగుతుంది. నోబిత వెళ్లి జియాన్, సునియోల మీద పగ తీర్చుకుంటాడు. కానీ ఆ గెలుపు రుచించదు. వాళ్లు పారిపోయాక మిగిలింది ఖాళీ ఇల్లే. ఇంటికి వచ్చి, దిగులుగా, డోరేమాన్ ఇక రాడని, తాము మళ్లీ ఎప్పటికీ కలుసుకోబోమని అంటాడు. మందు తాగిన సంగతి మరిచిపోయి నిజమనుకున్నదే చెబుతాడు.

గదిలోకి వెళితే డోరేమాన్ నిలబడి ఉంటాడు. ఎలా వచ్చానో అతడికే తెలియదు.

మందు ప్రభావం ఇంకా పోలేదు. అందుకని నోబిత నోరు తెరిచి ఆనందం చెప్పాలంటే తిరగేసి చెప్పాలి. నాకు సంతోషంగా లేదంటాడు. ఇకమీదట ఎప్పటికీ డోరేమాన్‌తో కలిసి ఉండనంటాడు. నేస్తాన్ని కావలించుకుని ఏడుస్తూ అంటాడు.